రెండు వేల జతలు

బాపు మగ్గం గుంట మీద దూలానికి ఒక తాడు వేలాడుతుండేది. బారెడు పొడవు, చివర మూడు ముళ్లు. మా మగ్గం నేలలో తవ్విన గుంట మీద ఉండేది. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న చెక్కల్ని తొక్కుతాడు. చేత్తో ఒకసారి లాగితే అడ్డపోగు మోసే నాడె అటు పోతుంది, ఇంకోసారి లాగితే ఇటు వస్తుంది. పొద్దున కూర్చున్న మనిషి అన్నం వేళకు ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి లేవడం, అంతే. ఆ రెండుసార్లూ బాపు తాడు పట్టుకుని మూలుగుతూ పైకి వచ్చేవాడు. మొదట్లో ఒంటి చేత్తో. తర్వాత రెండు చేతులతో. ఆ తర్వాత రెండు చేతులూ, అవ్వ భుజమూ కావలసి వచ్చాయి. మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. ఇదంతా మూడేళ్లలోపే జరిగింది. అప్పటికి ఆయనకు ముప్ఫై ఎనిమిది.

1953 ఏప్రిల్‌లో, నా ఐదో తరగతి పరీక్షలు అయిన మూడో రోజున, తాడు కూడా పనిచేయలేదు. మా చెల్లెలు ఇది 54లో జరిగిందంటుంది. 54 ఏప్రిల్‌కు నేను ఆరో తరగతి పరీక్ష రాస్తున్నాను. నేను చెప్పబోయేది ఆ ఆరో తరగతి సంగతే కాబట్టి 54 కావడానికి వీల్లేదు.

ఆ మధ్యాహ్నం అవ్వ అన్నానికి పిలిచింది. బాపు రాలేదు. ఇంకోసారి పిలిచింది.

"లేస్తలేదే," అన్నాడు బాపు లోపలి నుంచి.

"ఏం లేస్తలేదు?"

"నడుము. నేను లేస్తనే ఉన్న, అది లేస్తలేదు."

ఇరుగుపొరుగు మగవాళ్లు నలుగురు వచ్చి, చంకల కింద చేతులు వేసి, గుంటలోంచి ఆయన్ని పైకి తీశారు. చాప మీద పడుకోబెట్టారు. ఆముదం రాశాం, ఇసుక వేయించి మూట కట్టి కాపడం పెట్టాం. ఆరు రోజులు గడిచాయి. పక్కకు తిరగాలన్నా పళ్లు కొరుక్కునేవాడు.

ఏడో పొద్దున అవ్వ చీర కుచ్చిళ్లు బిగించుకుని గుంటలో కాళ్లు పెట్టింది.

"మగ్గం ఖాళీగుంటే ఇల్లు నడ్వది. ఇయ్యాల్టిసంది నేను కూసుంట. నా కండెలు గీ పిల్ల చుట్టుతది," అంది. నాడెలో పెట్టే నూలు కండెలు అప్పటిదాకా అవ్వ చుట్టేది.

"మరి బడో?" అన్నాను.

"ఐదు సదివినవ్ గద. ఆరోది ఏడున్నది? బస్తీల. ఆడికి నిన్నెవలు తోల్కపోతరు? మీ బాపు గుంటలకెళ్లే లేస్తలేడు."

అవ్వ కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది. కోపంగా అన్నవి అవ్వ సాయంత్రానికి మరిచిపోయేది. మా ఊళ్లో బడి ఐదు వరకే. ఆరో తరగతికి వాగు ఒడ్డున నడిచి బస్తీకి పోవాలి. మగపిల్లలు ముగ్గురు పోయేవాళ్లు, ఆడపిల్ల ఒక్కతీ లేదు. బస్తీ బడి తెరవడానికి అప్పటికి నలభై ఎనిమిది రోజులున్నాయి. ఆ అంకె మగ్గం పక్క గోడ మీద బొగ్గుతో రాసి, రోజుకొకటి తగ్గిస్తూ వచ్చాను.

నలభై ఆరు అని రాసిన రోజున మా పరుపు తీసుకుని ఉస్తాద్ వచ్చాడు. ఆయన దూది ఏకే ముసలాయన. పగలంతా ఏకుడు విల్లు, పొద్దు గూకే ముందు తాలీం. తాలీం అంటే మసీదు వెనక మెత్తటి మట్టి పరిచిన చిన్న ఆవరణ. పీర్ల పండుగ ఊరేగింపులో కర్ర తిప్పడానికి అక్కడ పిల్లలకు కర్రసాము నేర్పేవాడు. మా వాళ్ల పిల్లలూ వాళ్ల పిల్లలూ కలిసే నేర్చుకునేవాళ్లు. తన వయసు డెబ్బై అని చెప్పేవాడు. మూడేళ్ల తర్వాత అడిగినా డెబ్బై అనే చెప్పాడు.

పరుపు గోడకు ఆనించి, చాప మీదున్న బాపును చూశాడు.

"ఏం తమ్మీ, పొద్దుగాల్లనే దుకాణం బందువెట్టినవ్?"

"నడుము పోయింది ఉస్తాద్. లేసుడు అయితలేదు."

"లేసుడు నీకెవలన్న నేర్పిన్రా?"

"లేసుడు నేర్సుకునేదేంది?" అంది అవ్వ మగ్గం మీంచి.

"నా తాలీంకు ఒచ్చిన పోరగానికి మొదటి నెల కర్ర ముట్టనియ్య చెల్లె. పడుడు నేర్పుత, లేసుడు నేర్పుత. పడి లేసుడు రానోనికి కర్రెందుకు?"

ఆయన బాపు నడుమును ముట్టుకోనేలేదు. ముందు పక్కకు దొర్లమన్నాడు. మోకాళ్లు పొట్ట దగ్గరికి తెచ్చుకోమన్నాడు. చేతులు నేలకు ఆనించి, ఒక మోకాలు, ఆ తర్వాత ఒక పాదం. ప్రతి కదలికకూ ముందు గాలి పీల్చాలి, కదిలేటప్పుడు వదలాలి. "దూడను సూస్తలేవా? ఒక్కపారే ఎగిరి లేస్తదా? ఎనుక కాళ్లు, ముంగట కాళ్లు, ఒకటెనుక ఒకటి." బాపు నిలబడేసరికి నేను డెబ్బై రెండు లెక్కపెట్టాను. చెమటలు కారుతున్నాయి. కానీ ఎవరి భుజమూ పట్టుకోలేదు.

అప్పుడు ఉస్తాద్ కళ్లు దూలానికున్న తాడు మీద పడ్డాయి.

"గిదేంది?"

చెప్పాం.

"కోసెయ్యిన్రి."

"అయ్యో, కోస్తే ఎట్ల లేస్తడన్నా?"

"అది ఉన్నందుకే కాళ్లు పని మర్సిపోయినయ్ చెల్లె. చేతులు గుంజుతుంటె కాళ్లకేం ఫికర్?"

అవ్వ తాడు కోసి, పొట్టిదై ఇబ్బంది పెడుతున్న మా చేదతాడుకు ముడివేసింది. ఆ ముడి చేతికి తగులుతూ ఉండేది, అయినా ఆ తాడుతోనే నాలుగేళ్లు నీళ్లు చేదాం.

ఉస్తాద్ వరసగా వారం రోజులు వచ్చాడు. ఒకరోజు అవ్వను లేపి తానే గుంటలో కూర్చుని చెక్కలు తొక్కి చూశాడు. నాడె రెండుసార్లు ఎగిరి కిందపడింది, అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన పట్టించుకోలేదు. "నువ్వు తొక్కితె నడుమంత ఊగుతది తమ్మీ. మడిమెతోని తొక్కు, పైన మనిషి కదలద్దు. కర్ర తిప్పేటోడు చేత్తోని తిప్పుతడనుకుంటరు. పాదంకెళ్లి తిప్పుతడు." ఈ మాట బాపుకు చెప్పాడు గానీ ముందు పట్టుకున్నది అవ్వ. ఆ సాయంత్రానికే మడమతో తొక్కుతోంది. తర్వాత చాలా ఏళ్లు బాపును ఏడిపించడానికి, "మీ ఉస్తాద్ నాకే నేర్పిండు, నువ్వు పండుకుని ఇన్నవ్," అనేది.

రెండో వారంలో బైఠక్‌లు మొదలయ్యాయి. వెన్ను నిటారుగా పెట్టి, మడమల మీదకు కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం.

"పొద్దుగాల్ల పది, మాపటికి పది. ఒకటి తక్కువ గావద్దు, ఒకటి ఎక్కువ గావద్దు. ఎవలు లెక్క వెడ్తరు?"

"నేను," అన్నాను. ఇంట్లో పడుగు పోగులు లెక్కపెట్టేది నేనే. ఆ ఊళ్లో నా వయసు పిల్లల్లో నా అంత తప్పులేకుండా లెక్కపెట్టేవాళ్లు లేరని అవ్వే ఒప్పుకునేది.

నా లెక్కప్రకారం బాపు పొద్దున పది తీశాడు, సాయంత్రం పది తీశాడు. మర్నాడూ అంతే. మూడో పొద్దున గడప దాటలేకపోయాడు. నడుము కాదు, తొడలు. రెండు రోకళ్ల మీద నిలబడ్డట్టు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. పక్కింటి పెద్దమ్మ దడి మీంచి చూసింది.

"ఏం చెల్లె, మీ ఇంటాయన పహిల్వాన్ అయితనన్నడట. ఎవలనన్న పడగొట్టిండా, ఆయిననే పడ్డడా?"

అవ్వ వెంటనే నన్ను ఉస్తాద్ దగ్గరికి పంపింది. ఆయన దూది అంటిన గడ్డంతోనే వచ్చాడు.

"ఎన్ని తీసినవ్?"

"పది."

"పదికి గిట్ల గాదు. ఏదీ, జర తీసి సూపియ్. బిడ్డా, నువ్వు లెక్కవెట్టు."

బాపు అబ్బా అంటూ కూర్చున్నాడు, లేచాడు. మళ్లీ కూర్చున్నాడు, లేచాడు. "ఒకటి," అన్నాను.

ఉస్తాద్ నావైపు చూశాడు. బాపు మళ్లీ కూర్చున్నాడు, లేచాడు, కూర్చున్నాడు, లేచాడు. "రెండు."

"ఆగు, ఆగు. గవి నాలుగు గదనే!"

నేనూ బాపూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా ఇంట్లో ఏ లెక్కయినా జతల్లోనే. పడుగులో రెండు పోగులు పక్కపక్కన పోతాయి, ఆ రెంటినీ కలిపి ఒకటంటాం. నాడె అటు పోయి ఇటు వస్తే ఒకటి. నేను జతకు ఒకటి చొప్పున లెక్కపెట్టాను, మగ్గం మీద పుట్టి పెరిగిన బాపుకు అందులో వింతేమీ కనబడలేదు. పూటకు పదికి ఇరవై తీశాడు.

ఉస్తాద్ నేల మీద కూలబడి నవ్వాడు. "అల్లా! యాభై ఏండ్లసంది నేర్పుతున్న, గీ సాలోళ్ల లెక్క ఇయ్యాల తెలిసె నాకు!"

నాకు నవ్వు రాలేదు. నా చేతికి ఇచ్చిన పని ఒక్కటే, అది తప్పు చేశాను. బాపు మళ్లీ మంచం పడితే నా బడి నేనే పోగొట్టుకున్నట్టు. గోడ మీద అంకె ముప్ఫై ఆరు. కండెల బుట్ట చాటున కూర్చుని ఏడ్చాను.

"ఊకో బిడ్డా," అన్నాడు ఉస్తాద్. తర్వాత బాపువైపు తిరిగి, "నడుమెట్లున్నది?" అని అడిగాడు.

బాపు ఆలోచించాడు. "నడుమా? మూడు దినాలసంది యాదికే రాలె ఉస్తాద్. తొడల నొప్పిల గది ఏడికి పోయిందో."

రెండు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి లెక్క ఎలా పెట్టాలో నాకు ఉస్తాద్ నేర్పాడు. మనిషిని చూడకు, ఊపిరి విను. లేస్తూ గాలి వదిలిన ప్రతిసారీ ఒకటి. అలా వినడం పట్టుబడాలంటే నువ్వూ తియ్యి అన్నాడు.

"ఆడివిల్ల బైఠక్‌లు తీసుడేందన్నా?" అంది అవ్వ.

"నువ్వు పొద్దున లేస్తె బిందె ఎత్తుతవ్, దించుతవ్, అలుకు సల్లుతవ్, ముగ్గేస్తవ్. గవి బైఠక్‌లు గావా? నీకు పేరు తెల్వక తీస్తున్నవ్, గా పిల్ల తెలిసి తీస్తది."

ఆ రోజు నుంచి తీస్తున్నాను. కాన్పులప్పుడు, టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆపాను. ఎనభై దాటాక పదికి దించాను. ఇప్పుడూ ఊపిరి లెక్కే.

మే నెల చివరి శనివారం బాపు గుంటలోంచి తనంతట తాను లేచాడు. అంచు మీద ఒక పాదం పెట్టి, గాలి వదిలి, లేచి నిలబడి, పైనున్న దూలాన్ని ఒకసారి చూసుకున్నాడు. మూర నేత అయినప్పుడల్లా లేచి అయిదు బైఠక్‌లు తీసి మళ్లీ కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఇన్నిసార్లు లేస్తే నేత తగ్గుతుందని అవ్వ భయపడింది. నేను వారం రోజులు మూరలు కొలిచాను. తగ్గలేదు, పొద్దు గూకేసరికి మూరెడు పెరిగింది కూడా.

కండెలు చుట్టే పని మళ్లీ అవ్వ తీసుకుంది. సగం ముడి విడిపోయింది. మిగతా సగం, బడి సంగతి, అడిగాను.

"కండెలకేం, నేను చుట్టుకుంట," అంది. "తొవ్వ ఎవలు నడుస్తరు? ఆ వాగు ఒడ్డుకు ఒక్కదాన్ని నిన్ను పంపి నేను పాణం చేతుల వట్టుకుని కూసోవాల్నా?"

బాపు నాడె లాగుతూనే ఉన్నాడు. నేసే మనిషి రోజూ పిల్లను బడికి దిగబెట్టి వస్తానంటే ఊరు నవ్వుతుంది. గోడ మీద పన్నెండు.

ఆ సోమవారం అవ్వతో బస్తీ అంగడికి పోతూ వాగు ఒడ్డు దారి లెక్కపెట్టాను. నూరు అడుగులకు ఒక చింతగింజ ఎడమ చేతి సంచిలోంచి కుడి చేతి సంచిలోకి. బడి గేటు దగ్గరికి నలభై ఒక్క గింజలు, పైన ఇరవై అడుగులు. నాలుగు వేల నూట ఇరవై. ఎందుకు లెక్కపెట్టానంటే అప్పటికి జవాబు లేదు. దూరం తెలిస్తే దగ్గరైనట్టు ఉండేది.

రెండు రోజులకు ఉస్తాద్ వచ్చి, "ఇగ నడక," అన్నాడు. "కూసుండి పనిచేసేటోనికి నడక లేకుంటె నడుము మళ్ల పడ్తది. పొద్దుగాల్ల రెండు వేల అడుగులు పోవాలె, రెండు వేలు రావాలె. బండ్ల బాట గాదు, వాగు ఒడ్డు ఇసుక బాట. చెప్పులు లేకుంట."

రెండు వేలు అన్న మాట వినగానే నా తల లోపల నాలుగు వేల నూట ఇరవై సగానికి విరిగింది. జతకు ఒకటి చొప్పున రెండు వేల అరవై.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. అప్పట్లో బాపు అడుగూ నా అడుగూ ఒకే పొడవు, ఆయన అంత జాగ్రత్తగా వేసేవాడు. ఎడమ, కుడి, ఒకటి. ఎడమ, కుడి, రెండు. ఈసారి పొరపాటు కాదు. తెలిసే చేశాను. బాగవుతున్న నడుముకు రెండింతలు నడక పెడుతున్నానని కూడా తెలుసు. ఆయన ఒక్కసారి నడుము మీద చెయ్యి వేస్తే ఆపి నిజం చెప్పేయాలని, ఆరో తరగతి పోతే పోయిందని అనుకున్నాను. చెయ్యి మీదనుంచి కన్ను తియ్యలేదు. చెయ్యి ఊగుతూనే ఉంది.

వెయ్యి అన్నప్పుడు బాపు నిలబడి వెనక్కి చూశాడు. మా ఊరి కప్పులు కనబడటం లేదు.

"ఇయ్యాల వెయ్యి గింత పొడుగున్నదేంది?"

అబద్ధం నోటికి రాలేదు. "మన లెక్క బాపూ."

ఆయన నన్ను చూశాడు, ముందున్న బాట చూశాడు. కాసేపు మడమల మీద కూర్చుని లేచాడు. "ఊ, వెట్టు," అన్నాడు.

రెండు వేలు సరిగ్గా రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గర అయ్యాయి. అక్కడి నుంచి బడి పెంకుల కప్పు కనబడుతుంది. గేటు మూసి ఉంది.

"గదేనా?"

"గదే."

"ఇంక ఎంతున్నది?"

"అరవై జతలు."

"అంటె నూట ఇరవై." ఆయన మోరీ గోడను అరచేత్తో తట్టి, "రెండు వేలయినయ్, పా," అని వెనక్కి తిరిగాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ వాకిట్లోకి దిగింది. ఆ సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. నేను నూలు పట్టుకుని తల దించుకున్నాను.

"నడిచినవా తమ్మీ? ఏడిదాక?"

"రెండు వేలు ఉస్తాద్. బస్తీ మోరీ దాక."

దూది మూటలతో ఆ దారిన ఎన్నేళ్లుగానో తిరిగిన మనిషి ఆయన. బాపును చూశాడు. నన్ను చూశాడు. గోడ మీద తొమ్మిది అంకెను చూశాడు.

"ఏందన్నా," అంది అవ్వ, "మళ్ల తప్పు లెక్కవెట్టిందా?"

"లేదు చెల్లె," అన్నాడు ఉస్తాద్ గడ్డం నిమురుకుంటూ. "లెక్క సాఫ్‌గనే ఉన్నది. తమ్మీ, నడుమెట్లున్నది?"

"మంచిగున్నది."

"అయితె గదే దూరం. రోజు. ఎండకాలం అయినంక వానకాలం గూడ. ఒక్కనాడు తప్పద్దు. ఒక్కడు నడిస్తె మనసువట్టది, మధ్యలకెళ్లి తిరిగొస్తడు. గీ పిల్లను లెక్కకు వెంట వెట్టున్రి."

అవ్వ కండె చుట్టడం ఆపింది. రాట్నం కాసేపు తనంతట తనే తిరిగి ఆగింది. సాయంత్రం బస్తీలో పాలు పోసి మా ఊరికి తిరిగొచ్చే ఆడవాళ్లు ఇద్దరున్నారని, వాళ్లను నేను ముందే అడిగి పెట్టానని చెబుదామని నోరు తెరిచాను. ఉస్తాద్ కళ్లతోనే ఊరుకోమన్నాడు.

"ఎట్లనన్న మోరీ దాక పోనే పోతున్రు," అంది అవ్వ చివరికి, ఎవరితోనో తగువు పడుతున్నట్టు. "ఉత్త చేతులతోని పోవుడెందుకు? పుస్తకాల సంచి వట్కపోతె ఏం పోయింది? మాపటికి పాలోళ్లతోని ఒస్తది."

బడి తెరిచిన రోజున బాపు మోరీ దగ్గర ఆగిపోయాడు. "ఉస్తాద్ చెప్పింది గీడికే," అన్నాడు. అరవై జతలు నేనొక్కదాన్నే నడిచి గేటు దగ్గర తిరిగి చూస్తే, మోరీ పక్కన నిలబడి బైఠక్‌లు తీస్తున్నాడు. దారిన పోయే బండివాళ్లు చూస్తున్నా ఆపలేదు. మూడేళ్లు అలాగే నడిచాం. కొన్నాళ్లకు లెక్క మానేశాం, మోరీయే రెండు వేలు. వానాకాలంలో ఇసుక బాట మునిగితే బండ్ల బాట. బాపు మోరీ దాటి ఒక్క అడుగు వేయలేదు.

1956లో ఎనిమిదో తరగతి ఫలితాలు బడి గోడకు అతికించిన రోజున కూడా మోరీ దగ్గర ఆగాడు. నేను గేటు దాకా పోయి, గోడ మీద నా నంబరు చూసుకుని తిరిగేసరికి, ఆయన నడిచి వస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వచ్చాక వినబడింది. ఉస్తాద్ లెక్క, అడుగుకు ఒకటి.

"నూట రెండు, నూట మూడు, నూట నాలుగు." గేటు పట్టుకుని నిలబడ్డాడు. "నూట ఇరవై అంటివి?"

"నూట ఇరవయ్యే బాపూ. నేను చింతగింజలతోని లెక్కవెట్టిన."

"మరి నూట నాలుగే అయినయ్."

సాయంత్రం పాలవాళ్లు వచ్చేదాకా ఆగకుండా అప్పుడే ఆయన్ను మోరీ దగ్గరికి తీసుకుపోయి, మళ్లీ నడవమని, పక్కన నడుస్తూ నేనే లెక్కపెట్టాను. మూడేళ్లలో ఇద్దరి అడుగులూ సాగాయి. ఆయనకు నూట నాలుగే. నాకు నూట పదమూడు.